టర్కీ కోడికి కారు మీద కోపమెందుకు?

అమెరికాలో బోస్టన్ పక్కనే ఉన్న బ్రూక్‌లైన్ వీధుల్లో అడవి టర్కీ కోళ్లు గుంపుగా రోడ్డు దాటుతుంటే కార్లు ఆగిపోతాయి. అడవి పక్షికి ఊళ్లో ఏం పని?

నిజానికి ఆ ఊరున్న మసాచుసెట్స్ రాష్ట్రంలో ఇవి 1851 నాటికే అంతరించాయి. పొలాల కోసం అడవులు నరికేశారు, మిగిలిన పక్షుల్ని వేటాడేశారు. తర్వాత జనం వదిలేసిన పొలాల్లో అడవి మళ్లీ పెరిగింది. 1970లలో న్యూయార్క్ రాష్ట్రం నుంచి 37 పక్షులను తెచ్చి బెర్క్‌షైర్ కొండల్లో వదిలారు. ఇప్పుడు రాష్ట్రంలో అవి 30 వేలు దాటాయి!

శివారు కాలనీల్లో వాటికి ఓక్ కాయలు, పచ్చికలో పురుగులు, పిట్టల కోసం జనం వేలాడదీసే గింజలు దొరుకుతాయి. రాత్రి నిద్రకు ఎత్తైన చెట్లున్నాయి. వేటగాళ్ల బెడదా లేదు.

మరి కార్లను ఎందుకు పొడుస్తాయి? టర్కీల గుంపులో ఎవరు పైన, ఎవరు కింద అన్న లెక్క గట్టిగా ఉంటుంది. వసంతంలో, జతకట్టే కాలంలో మగపక్షి ఈకలు నిక్కబొడుచుకుని తోకను విసనకర్రలా విప్పుతుంది. దాని బోడితల ఎరుపు, నీలం, తెలుపు రంగుల్లోకి మారుతుంది. ఆ ఊపులో నిగనిగలాడే కారు తలుపులో తన ప్రతిబింబం కనబడితే, పోటీకి ఇంకో మగపక్షి వచ్చిందనుకుంటుంది. తను పొడిస్తే అదీ పొడుస్తుంది కదా, కోపం ఇంకా పెరుగుతుంది!

మేత పెట్టి మచ్చిక చేస్తే టర్కీ మనల్నీ ఆ గుంపు లెక్కలోకి తీసుకుంటుంది. జడిసి పరుగెత్తినవాళ్లు దానికన్నా కిందివాళ్లే. అందుకే అక్కడి వన్యప్రాణి శాఖ మేత వేయొద్దంటుంది. మీదికొస్తే వెనక్కి తగ్గకుండా గట్టిగా అరవాలి, చీపురు ఊపాలి. కారు మీద గుడ్డ కప్పేస్తే సరి.