తీపి తగిలితే ఈగ కాళ్లకు ఏమవుతుంది?

మిగల ముగ్గిన అరటిపండు మీద ముసిరే ఎర్రకళ్ల చిన్న ఈగలను చేత్తో తోలేసి ఊరుకుంటాం. శాస్త్రవేత్తలు డ్రోసోఫిలా అని పిలిచే ఈ పండు ఈగ నడకనూ, దాని రుచి నాడీకణాలనూ దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. వాళ్లు కనుక్కున్నదానికీ మనం అనుకునేదానికీ చాలా తేడా ఉంది.

అపోహ: ఈగకు రుచి తెలిసేది నోటితోనే.

వాస్తవం: తిండి మీద వాలగానే మొదట కాళ్లకే తెలుస్తుంది. పాదాల మీది సన్నని వెంట్రుకల్లో తీపిని పట్టే నాడీకణాలుంటాయి. తొండం చివరా, రెక్కల అంచునా కూడా రుచి కణాలున్నాయి. ఆకలిగా ఉన్న ఈగ ముందుకాలికి చక్కెర నీళ్లు తాకిస్తే చాలు, చటుక్కున తొండం చాపుతుంది. ఈ రంగంలో తొలి అడుగులు కొన్ని మన దేశంలోనే పడ్డాయి. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఒబైద్ సిద్దిఖీ, వెరోనికా రోడ్రిగ్స్ 1970ల చివర్లోనే రుచి, వాసన గుర్తించడంలో లోపమున్న ఈగలను వేరుచేసి, ఆ లోపం ఏ జన్యువుల్లో ఉందో వెతికారు. మన పిల్లల సైన్సు పుస్తకాల్లో ఉండాల్సిన పేర్లు ఇవి.

అపోహ: తీపి అంటే శక్తి. కాబట్టి తీపి తగలగానే ఈగ హుషారుగా పరుగెత్తుతుంది.

వాస్తవం: మొదట జరిగేది ఆగిపోవడం. కాళ్లలోని తీపి కణాలు అన్నీ ఒకే పని చేయవని 2016లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. కొన్ని మెదడుదాకా వెళ్లి తొండం చాపిస్తాయి. మరికొన్ని మెదడు దాకా పోవు. కాళ్ల కదలికను నడిపే ఛాతీలోని నాడీకేంద్రం దగ్గరే ఆగి, నడకకు బ్రేకు వేస్తాయి. చక్కెర ఇంకా నోట్లోకే పోలేదు, ఇక ఒంట్లోకి శక్తి ఎక్కడిది? కాళ్లను ఆపింది కేవలం కబురు.

అపోహ: తిన్నాక ఈగ ఆ చుట్టుపక్కలే తిరగడం అర్థంలేని తిరుగుడు.

వాస్తవం: అది వెతుకులాట. చక్కెర చుక్క తాగిన బ్లోఫ్లై అనే మరో రకం ఈగ అక్కడక్కడే మెలికలు తిరగడాన్ని అమెరికా శాస్త్రవేత్త విన్సెంట్ డెథియర్ గమనించి, 1957లో దాన్ని తేనెటీగల నృత్యంతో పోల్చి రాశారు. ఒక చుక్క దొరికిన చోట ఇంకోటి దొరికే అవకాశం ఎక్కువ కదా!

పండు ఈగ కూడా ఇదే చేస్తుంది. వాసన పట్టుకునో, కంటితో గుర్తుపట్టుకునో వెనక్కి వస్తోందేమో అని ఎవరికైనా అనుమానం వస్తుంది. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మైకేల్ డికిన్సన్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగాలు ఆ అనుమానం తీర్చాయి. తీపి కణాలు కాంతికి స్పందించేలా ఈగల్లో జన్యుమార్పు చేశారు. ఈగ ఒక చోటికి రాగానే ఎర్రకాంతి వెలిగించారు. అక్కడ చక్కెర లేదు, వాసన లేదు, ఏమీ లేదు. అయినా తీపి తగిలినట్టే ఆ ఈగ ఆ చోటు చుట్టూ వెతకడం మొదలుపెట్టింది. కాస్త దూరం పోయి వెనక్కి, మరో వైపు పోయి మళ్లీ వెనక్కి. చాలా దూరం తిరిగొచ్చాక కూడా ఆ చోటును పట్టుకోగలిగింది. బయటి ఆనవాళ్లు లేకుండానే, తాను ఎటు ఎంత నడిచిందో ఆ లెక్కను ఒంట్లోనే కట్టుకుంటోందన్నమాట. గసగసాల గింజంత మెదడు చేసే పని ఇది! ఆకలిని బట్టి ఈ వెతుకులాట మారుతుంది కూడా. తీపికి ఈగ యాంత్రికంగా తలాడించదు, తన అవసరం చూసుకుని నడుస్తుంది.

అపోహ: మిఠాయి తిన్న పిల్లలు గంతులేస్తారనడానికి తీపి తగిలిన ఈగ తిరుగుడే రుజువు.

వాస్తవం: కాదు. ఈగను తిప్పేది చక్కెర ఇచ్చిన శక్తి కాదని ఆ ఎర్రకాంతి ప్రయోగమే చెబుతోంది. పిల్లల సంగతి విడిగా పరీక్షించారు. ఎవరికి చక్కెర ఇచ్చారో, ఎవరికి ఇవ్వలేదో పిల్లలకూ తల్లిదండ్రులకూ పరిశోధకులకూ తెలియనివ్వకుండా జరిపిన అధ్యయనాలను 1995లో ఒకచోట చేర్చి చూస్తే, చక్కెర వల్ల పిల్లల ప్రవర్తన మారినట్టు తేలలేదు. పళ్లు పుచ్చిపోతాయని మిఠాయి తగ్గించడం వేరు, అది తగ్గించాల్సిందే.