బెంజి బండి: పేరు ప్రతిష్ఠలు

హైదరాబాదు నుండి సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడకు పోవు రహదారిపై బెంజి కారు కనబడినచో, అది ధనవంతుల వాహనమని ఎల్లరు తలంతురు. కాని మన దేశమున జనసామాన్యమునకు ఆ పేరును పరిచయము చేసినవి లారీలు.

జర్మనీ దేశపు ఈ సంస్థకు మూలపురుషులిద్దరు. కార్ల్ బెంజ్ 1886లో మూడు చక్రముల మోటారు బండికి పేటెంటు పొందెను. జనులు దానిని శంకించుచుండగా, 1888లో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకనే, ఇరువురు కుమారులతో ఆ బండిపై 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. త్రోవలో ఇంధనమును మందుల దుకాణమున కొనెను. రెండవవాడు గొట్లీబ్ డైమ్లరు. ఆయన సంస్థ కార్లను విక్రయించిన ఎమిల్ యెల్లినెక్ వానికి తన కుమార్తె ‘మెర్సిడెస్’ పేరు పెట్టించెను. 1926లో ఈ రెండు సంస్థలు ఏకమయ్యెను.

ఈ కీర్తికి కళంకము లేకపోలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆ కర్మాగారములలో వేలాది బందీలచేతను, పరదేశ కూలీలచేతను నిర్బంధముగా పని చేయించిరి.

1954లో టాటా వారు ఈ సంస్థతో ఒడంబడిక చేసికొని జంషెడ్‌పూరులో డీజిలు లారీల నిర్మాణమారంభించిరి. 1969లో ఒడంబడిక ముగిసెను. అటుపై లారీలు టాటా పేరుతోనే వెలువడెను. నిర్మాణవిద్య మాత్రము మన కార్మికులకు దక్కెను. బెంజి కార్లు పూణెలో తయారగుట 1990 దశకమున గాని మొదలు కాలేదు.

మిర్యాలగూడ మిల్లుల నుండి బియ్యపు బస్తాలతో బయలుదేరు డ్రైవరుకు బండి అందము కన్న, అది నడిత్రోవలో ఆగకుండుటయే ముఖ్యము. నాడు బెర్తా పరీక్షించి చూపినదియు అదియే.