విదేశాల్లో ఇంగ్లీషు టీచర్లు: ఏ కాగితాన్ని నమ్మాలి, ఎవరి మాట నమ్మాలి?

పోయిన ఏడు సర్వసభ్య సమావేశంలో హిందూపురం దాత ఒకరు లేచి సూటిగా అడిగారు: "ధర్మవరం పిల్లవాడు ఇంగ్లీషు టీచరుగా గల్ఫ్‌కు పోతానంటే లక్షన్నర ఇవ్వలేమన్నారు. పెనుకొండ అమ్మాయికి మాత్రం రెండేళ్ల బీఎడ్ ఫీజు కట్టారు. వాడు పోయి ఉంటే ఈపాటికి ఇంటికి డబ్బు పంపుతుండేవాడు కదా?" టైము చాలక ఆ రోజు రెండు మాటల్లో జవాబు చెప్పి కూర్చున్నాం. నిజం చెప్పాలంటే ఆ జవాబు మాకే తృప్తినివ్వలేదు. అడిగినవారికే కాదు, చందా ఇచ్చే ప్రతి ఒక్కరికీ వివరంగా చెప్పాల్సిన విషయమిది. అందుకే ఈ సంచికలో ఇన్ని పేజీలు తీసుకుంటున్నాం.

ముందు ఆ పిల్లవాడి సంగతి. బీకాం పాసయ్యాడు. ఇంగ్లీషు బాగానే మాట్లాడతాడు. మా ముందు పెట్టిన ఫైలులో డిగ్రీ సర్టిఫికెట్టుతో పాటు 120 గంటల టెసోల్ సర్టిఫికెట్టు ఒకటి ఉంది. బంగారు రంగు ముద్ర, అంచుకు డిజైను, చూడ్డానికి డిగ్రీ కన్నా ఘనంగా ఉంది. ఎన్నాళ్లు చదివావని అడిగితే పది రోజులు, ఫోనులో, అన్నాడు. ఆ పది రోజుల్లో ఒక్క పిల్లవాడికైనా పాఠం చెప్పావా అంటే తల దించుకున్నాడు. తప్పు వాడిది కాదు. ఏజెంటు అదే చాలన్నాడు, వాడు నమ్మాడు.

టెఫెల్, టెసోల్ అనే పేర్లు ఎవరి సొత్తూ కావు. ఆ పేరుతో ఎవరైనా కోర్సు పెట్టవచ్చు, ఎవరైనా సర్టిఫికెట్టు అచ్చు వేసి ఇవ్వవచ్చు. అలాగని అన్నీ దొంగవని కాదు. కేంబ్రిడ్జి వారు ఇచ్చే సెల్టా ఉంది. అందులో సుమారు 120 గంటల తరగతులు ఉంటాయి. నిజమైన విద్యార్థుల ముందు 6 గంటలు పాఠం చెప్పాలి, శిక్షకులు వెనక కూర్చుని మార్కులు వేస్తారు, బయటి నుంచి పరిశీలకుడు వచ్చి కోర్సునే తనిఖీ చేస్తాడు. లండన్ ట్రినిటీ కాలేజీ వారి సర్ట్ టెసోల్ కూడా అదే స్థాయిది. 120 గంటలు అనే అంకె రెండు చోట్లా ఒకటే. ఒకచోట దాని వెనక 6 గంటల పరీక్ష ఉంది, ఇంకోచోట ఏమీ లేదు. మన బీఎడ్‌తో పోల్చి చూడండి. 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల కోర్సులో 20 వారాలు బడిలోనే గడపాలి. నల్లబోర్డు ముందు నిలబడి, పిల్లల అల్లరి భరించి, రికార్డు రాసి, పెద్ద టీచరుతో చీవాట్లు తిని నేర్చుకోవాలి. పెనుకొండ అమ్మాయికి ఫీజు కట్టింది ఆ 20 వారాల కోసమే.

అయితే బీఎడ్ కూడా పేరు చూసి నమ్మేది కాదు. ఆ కాలేజీకి, ఆ సంవత్సరానికి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ యూజీసీ ప్రకటించే నకిలీ యూనివర్సిటీల జాబితాలో ఉందేమో చూడాలి. ఆ జాబితాలో మన రాష్ట్రం పేర్లు కూడా ఉన్నాయి. బడికే పోకుండా బీఎడ్ పాస్ చేయిస్తామనే బేరాలు మన ప్రాంతంలోనూ వినబడుతుంటాయి. అలాంటి కాగితం చేతిలో ఉన్నా లేనట్టే అనుకుంటాం మేము.

ఇక ముద్రల విషయం. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. భారతదేశం 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. ఒమన్‌లో 2012 నుంచి, బహ్రెయిన్‌లో 2013 చివరి నుంచి, సౌదీలో 2022 డిసెంబరు 7 నుంచి అది అమలులో ఉంది. ఆ దేశాలకు పోయేవారి సర్టిఫికెట్టుకు మన విదేశాంగ శాఖ అపోస్టిల్ వేస్తే ఎంబసీ చుట్టూ తిరిగే పని తప్పుతుంది. ఎమిరేట్స్, ఖతార్, కువైట్‌లకు మాత్రం పాత దారే: రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశపు ఎంబసీ, అక్కడికి పోయాక అక్కడి విదేశాంగ శాఖ. అపోస్టిల్‌కు ప్రభుత్వం తీసుకునే రుసుము కాగితానికి 50 రూపాయలే. దాని మీద ఏజెన్సీల సేవా రుసుములు వేరు. అదే పనికి ఏజెంట్లు వేలు గుంజుతారు. ఈ లెక్క చందా ఇచ్చేవారికి తెలిసి ఉండాలి.

ఇంతకీ ఆ ముద్ర ఏం చెబుతుంది? ఈ సంతకం ఫలానా అధికారిదే, ఈ ముద్ర అసలుదే, అంతవరకే. ఈ మనిషికి పాఠం చెప్పడం వచ్చు అని ఏ ముద్రా చెప్పదు. ధర్మవరం వారికి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. సిల్క్ మార్క్ ముక్క కుట్టి ఉంటే ఆ చీర అసలు పట్టుదని అర్థం. జరీ ఎలాంటిది, నేత బిగువుగా ఉందా, అంచు సరిగ్గా అతికిందా అనేవి ఆ ముక్క చెప్పదు. అందుకే తెలిసినవాళ్లు చీరను తిరగేసి చూస్తారు. టీచరునూ అలాగే తిరగేసి చూడాలి. ఎలా చూడాలనేదే కష్టం.

కాగితం అసలుదే అయినా ఒక్కోసారి చెల్లదు. 2018లో కువైట్‌లో మన ఇంజనీర్లకు ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏళ్ల తరబడి అక్కడ పనిచేస్తున్నవాళ్లను, మీ కాలేజీ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు ఉందా అని అడగడం మొదలుపెట్టారు. డిగ్రీ నిజమైనదే, పని వచ్చు, అయినా అకామా పొడిగింపు ఆగిపోయి ఎందరో ఇబ్బంది పడ్డారు. అందుకే మేము ముందుగానే ఆ దేశం ఏమడుగుతుందో కనుక్కుంటాం. డిగ్రీ రెగ్యులరా, దూరవిద్యా? డిగ్రీ ఏ సబ్జెక్టులో? టీచరు లైసెన్సు పరీక్ష ఉందా? బీకాం చదివినవాడికి ఇంగ్లీషు టీచరు వీసా దొరకడం కష్టమని ముందే తెలిస్తే లక్షన్నర మిగులుతుంది.

పాస్‌పోర్టు రంగును బట్టి మర్యాద మారే సంగతి కూడా దాచనక్కర్లేదు. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు టీచరు వీసాను మామూలుగా అమెరికా, బ్రిటన్ వంటి 7 దేశాల వారికే ఇస్తారు. 2010 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భారత్, కొరియా ఒప్పందం వల్ల మనవాళ్లకూ దారి తెరుచుకుంది, కాని యూనివర్సిటీ డిగ్రీ, టీచరు అర్హతపత్రం రెండూ ఉన్నవారికే. అంటే వాళ్లకు అడగనిది మనకు అడుగుతారు. అన్యాయమే. అయినా ఆ అన్యాయానికి కోపగించి దొంగ కాగితం పట్టుకుపోతే నష్టం ఒక్కరితో ఆగదు. ఒకరు పట్టుబడితే అదే బడిలో ఉన్న మన ఊరివాళ్లందరి ఫైళ్లూ మళ్లీ బయటికి తీస్తారు.

ఒమన్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మన సభ్యుడొకరు చెప్పిన మాట ఇక్కడ రాయాలి. ఆయన స్టాఫ్‌రూమ్‌లోకి బ్రిటన్ నుంచి ఓ కుర్రవాడు వచ్చాడట. ఎంఏ లేదు, బీఎడ్ లేదు, సెల్టా ఒక్కటే. జీతం మాత్రం ఈయన కన్నా ఎక్కువ. మనవాళ్లంతా చాటుగా నవ్వుకున్నారు, కోపగించుకున్నారు. ఒకరోజు ప్రిన్సిపాల్ ఆయనను ఆ కుర్రవాడి క్లాసులో కూర్చోమన్నాడు. 40 నిమిషాల్లో ఆ కుర్రవాడు మాట్లాడింది పది నిమిషాలకు మించదు. మిగతా సమయమంతా పిల్లలే జంటలు జంటలుగా కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. "నా క్లాసులో నేనే 35 నిమిషాలు మాట్లాడేవాణ్ణి భాయ్, పిల్లలు ఎస్ సార్ అనేవాళ్లు" అని ఆయన నవ్వుతూ చెప్పారు. అయితే అదే కుర్రవాడు టెన్స్‌లు ఎందుకు మారతాయో పిల్లలకు చెప్పలేక ఈయన దగ్గరికే వచ్చేవాడు. జీతంలో తేడా అన్యాయమేనని ఆయన ఇప్పటికీ అంటారు. ఆ కుర్రవాడు టీచరు కాడని మాత్రం ఆ రోజు తరువాత అనలేదు.

సాటి టీచరును అంచనా వేయడమంటే ఇదే. యాస చూసి, రంగు చూసి, ఊరు చూసి కాదు, క్లాసులో కూర్చుని చూసి. ఆ తరువాత మామూలు సంగతులు. టైముకు వస్తాడా? కాపీలు దిద్ది తిరిగిస్తాడా? పాఠం ప్లాను రాస్తాడా, పోయినేటిదే చూసి రాస్తాడా? వెనక బెంచీవాడి పేరు తెలుసా? తెలియనిది తెలియదని ఒప్పుకుంటాడా? ట్యూషన్ల విషయం కూడా ఉంది. ఎమిరేట్స్‌లో ప్రైవేటుగా ట్యూషను చెప్పాలంటే 2023 డిసెంబరు నుంచి పర్మిట్ ఇస్తున్నారు, రుసుము లేదు, రెండేళ్లు చెల్లుతుంది. అంత సులువైన దారి ఉండగా దొంగచాటుగా ట్యూషన్లు చెప్పేవాణ్ణి మనవాడే కదా అని వెనకేసుకు రావడం మాకు నచ్చదు.

సిఫారసుల విషయంలో మేమూ తప్పు చేశాం. కొన్నేళ్ల క్రితం వేసవిలో పిల్లలకు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు పెట్టినప్పుడు, విదేశంలో టీచరుగా చేసి వచ్చానన్న ఒకాయనను తీసుకున్నాం. కోటు, మాట తీరు, ఫోనులో ఫొటోలు చూసి మురిసిపోయాం. ఇద్దరు ముగ్గురు పెద్దలు కూడా మంచివాడని చెప్పారు. మంచివాడే. మూడు వారాల తరువాత ప్రభుత్వ బడిలో పనిచేసే ఒక ఆపా వచ్చి వెనక కూర్చున్నారు. బయటికి వచ్చి, "పిల్లలు 50 వాక్యాలు బట్టీ పట్టారు. నీ పేరేమని కొంచెం మార్చి అడిగితే జవాబు లేదు" అన్నారు. విచారిస్తే ఆయన అక్కడ ఒక బడి ఆఫీసులో పనిచేశారని తేలింది. గౌరవమైన పనే, కాని టీచరు పని కాదు. ఆ వేసవి మీ చందాతో నడిచింది. ఈ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాం.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరికైనా సిఫారసు ఇచ్చేవారిని మొదట అడిగేది ఒకటే: మీరు ఆ మనిషి క్లాసు చూశారా? పోయిన ఏడు దమ్మామ్‌లో ఉన్న మన విద్యార్థి ఒకణ్ణి తన దగ్గరి బంధువు గురించి రాయమని కోరాం. "అతను నమాజుకు తప్పడు, అప్పు తీరుస్తాడు, అదంతా రాస్తాను. క్లాసు నేను చూడలేదు, దాని గురించి ఎలా రాయను?" అని జవాబిచ్చాడు. ఇంట్లో వాళ్లు అతని మీద అలిగారు. మేము మాత్రం ఆ ఉత్తరాన్ని ఫైలులో పైన పెట్టాం. చూడనిదానికి సాక్ష్యం చెప్పకపోవడం ఎంత పెద్ద విషయమో మన వాళ్లకు వేరే చెప్పాలా.

ఏజెంట్ల గురించి నాలుగు మాటలు. 1983 వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉండాలి. అతను అభ్యర్థి దగ్గర తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. రసీదు ఇవ్వాలి. ధర్మవరం పిల్లవాణ్ణి అడిగింది లక్షన్నర, అదీ విజిట్ వీసా మీద. ఏజెంటుకు రిజిస్ట్రేషను ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైటులో పది నిమిషాల్లో చూడవచ్చు. మేము చూశాం. లేదు.

హిందూపురం నుంచి బెంగళూరు సుమారు నూరు కిలోమీటర్లే. అక్కడ 1963 నుంచి దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థ టీచర్లకు శిక్షణ ఇస్తోంది. హైదరాబాద్‌లో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైన ఇఫ్లూ ఉంది. దుబాయి పోవడానికి ముందు ఇలాంటి చోట్ల తలుపు తట్టినవారు మన మూడు ఊళ్లలో చాలా తక్కువ. ఏజెంటు ఆఫీసు మాత్రం అందరికీ తెలుసు.

కాబట్టి మీ డబ్బు దేనికి పోతుందంటే, గుర్తింపు ఉన్న కాలేజీలో బీఎడ్ ఫీజుకు, టెట్, ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షల రుసుముకు, అసలు సర్టిఫికెట్లకు ప్రభుత్వం వేసే ముద్రల ఖర్చుకు. సెల్టా ఖరీదైనది. రెండేళ్లయినా పాఠం చెప్పినవారికి, వడ్డీ లేని అప్పుగానే ఇస్తాం. ఏజెంటు చేతికి పోయే డబ్బు ఎంత చిన్నదైనా ఇవ్వం. దరఖాస్తు పెట్టినవారు ఒరిజినల్స్ తెచ్చుకోవాలి, డిజిలాకర్‌లో ఉంటే అదీ చూపించాలి. ఆ తరువాత మా ఆపాల్లో ఒకరి ముందు, మన ఊరి పిల్లలకు, ఒక పాఠం చెప్పాలి.

ధర్మవరం పిల్లవాడు మొదట మా మీద కోపంగా వెళ్లిపోయాడు. ఆరు నెలల తరువాత మళ్లీ వచ్చాడు. పాఠం చెప్పించాం. గొంతు వణికింది, కాని వెనక బెంచీలో నోరు తెరవని పిల్లవాడి దగ్గరికి తనంతట తానే వెళ్లి నిలబడ్డాడు. ఎడ్‌సెట్ రాశాడు. ఈ ఏడు బీఎడ్ మొదటి సంవత్సరం ఫీజుల పట్టికలో అతని దరఖాస్తు కూడా ఉంది. హిందూపురం దాత గారు ఆఫీసుకు వస్తే ఫైలు చూపిస్తాం.