చిల్లరలోని వింతలు

కూరగాయలు కొనగా మిగిలిన చిల్లరను పోపులపెట్టెలో వేయుటకు ముందు మేము రెండువైపులను త్రిప్పి చూతుము. సంవత్సరము క్రింద నక్షత్రమున్నచో నా నాణెము హైదరాబాదు టంకశాలది; వజ్రాకారమున్నది ముంబయిది; చుక్క యున్నది నోయిడాది; ఏ గుర్తును లేనిది కలకత్తాది. ముద్ర ప్రక్కకు జరిగిన బిళ్ల దొరకుట మాత్రము మిగుల నరుదు.

పదిరూపాయల బిళ్ల కథ వేఱు. పాతదానిపై కిరణములు 15; 2011 మొదలు వచ్చిన రూపాయిగుర్తు గలదానిపై 10. ఈ భేదమును జూచి, ఒకటి దొంగనాణెమని మా యెఱ్ఱగుంట్ల యంగళ్లలోను కొందఱు త్రోసిపుచ్చిరి. నాణెములు కూర్చువారికి ముచ్చటైన భేదమే పూలమ్ముకొను నవ్వకు చేటయ్యెను. దినమెల్ల నెండలో గూర్చుండి గడించిన బిళ్లలు బియ్యపుకొట్టులో చెల్లకున్న నామె రాత్రి యేమి వండుకొనును? రిజర్వుబ్యాంకు 2018 జనవరిలోనే 14 విధముల పదిరూపాయల బిళ్లలును చెల్లునని ప్రకటించినది. ఈ మాట అంగడివానితో నిర్భయముగా చెప్పుడు.

పాతనాణెమునకు లక్షలిత్తుము, ముందు రుసుము పంపుడని ఫోను చేయువారును గలరు. తన పేరు చెప్పి యిట్లు మోసగించుచున్నారని 2021 ఆగస్టులో నా బ్యాంకే హెచ్చరించినది.

నిజముగా నరుదైన బిళ్ల దొరికినచో చింతపండుతో తోమకుడు. తోమినచో మెఱుగు వచ్చును గాని, కొనువారి కంటికి వెల తగ్గును.