కడుపు చెప్పే మాట వినండి

కోటి విద్యలూ కూటి కోసమే అన్నారు పెద్దలు. ఆ కూడు చేరే చోటును గురించి మాత్రం మనలో చాలామందికి ఒక్క విద్య కూడా రాదు. కడుపులో మంట అంటే మజ్జిగ, ఉబ్బరం అంటే వాము, నొప్పి అంటే వీధి చివరి మందుల షాపులో ఒక బిళ్ళ - ఇంతటితో మన గృహవైద్యం ముగుస్తుంది. చాలాసార్లు అది చాలు కూడాను. చాలని సందర్భాలను గురించే ఈ నాలుగు మాటలూ.

2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 9 లక్షల 70 వేల మందికి జీర్ణాశయపు కాన్సరు కొత్తగా బయటపడింది. ఆ ఏడే సుమారు 6 లక్షల 60 వేల మంది దానితో మరణించారు. వెనక మనవాళ్ళు కాన్సరును రాచపుండు అనేవారు. ఆ పేరెత్తడానికే జంకేవారు. జంకి లాభం లేదు. ఈ జబ్బుకు దారితీసే కారణాలలో కొన్ని మన చేతిలో లేవు. కొన్ని మన చేతిలోనే వున్నాయి.

నెపోలియన్ కడుపు

1821 మే 5వ తేదీన సెంట్ హెలీనా ద్వీపంలో నెపోలియన్ మరణించాడు. మర్నాడు శవపరీక్ష చేసిన వైద్యులకు ఆయన జీర్ణాశయంలో పెద్ద వ్రణం కనిపించింది. తండ్రి కూడా కడుపు జబ్బుతోనే పోయాడు. విషం పెట్టి చంపారని వదంతులు చాలాకాలం నడిచాయి గాని, కాన్సరే కారణమని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం.

తలిదండ్రులలో, తోబుట్టువులలో ఎవరికైనా ఈ జబ్బు వచ్చివుంటే మిగిలినవారికి ప్రమాదం కొంత హెచ్చు. వయస్సు యాభై దాటడం మరొక కారణం. ఆడవారికంటె మగవారిలో ఇది సుమారు రెట్టింపు. ఎ గ్రూపు రక్తం వున్నవారిలో కాస్త ఎక్కువని 1953లోనే ఇంగ్లండులో గమనించారు. పూర్వం జీర్ణాశయంలో కొంత భాగం తీసివేసే ఆపరేషన్ అయినవారు కూడా జాగ్రత్తగా వుండవలసినవారే. వీటిని మార్చుకోలేము. అందుకే, మార్చుకోగలవాటి మీద దృష్టి పెట్టాలి.

క్రిమి మింగిన డాక్టరు

ఎలుకల కడుపులో కాన్సరుకు ఒక పురుగు కారణమని చెప్పిన డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఫిబిగర్‌కు 1926వ సంవత్సరపు నోబెల్ బహుమానం దక్కింది. తరువాత ఆ సిద్ధాంతం తప్పని తేలిపోయింది. అయితే అసలు క్రిమి వేరే వుండనే వున్నది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో వారెన్, మార్షల్ అనే ఇద్దరు వైద్యులు 1982లో దాన్ని పట్టుకున్నారు. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. అంత ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని లోకం నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే గటగట తాగేశాడు. కొద్దిరోజులకే కడుపు వాచింది, వాంతులు పట్టుకున్నాయి. ఆ ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. ఈ క్రిమి కాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 1994లోనే ప్రకటించింది.

ఇది సాధారణంగా పసితనంలోనే, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. ఎంగిలి, వాంతి, మలంతో కలుషితమైన నీరు - ఇవీ దాని దారులు. చేతులు కడుక్కోవడం, శుభ్రమైన నీరు, ఎంగిలి మంగలం చేయకుండా వుండడం ఊరికే ఆచారాలు కావన్నమాట.

క్రిమి వున్న వారందరికీ కాన్సరు రాదు. నూటికి ఒకరిద్దరు, ముగ్గురికి మాత్రమే వస్తుంది. అదీ ఏళ్ళ తరబడి కడుపు లోపలి పొర వాచి, క్షీణించి, మారిన తరువాత. శ్వాసపరీక్షతోగాని, మలపరీక్షతోగాని దాన్ని కనిపెట్టవచ్చు. సుమారు రెండు వారాలు మందులు వాడితే చాలావరకు పోతుంది. తైవాన్‌కు చెందిన మాట్సు దీవులలో 2004 నుంచి జనాన్ని పరీక్షించి ఈ చికిత్స చేశారు. అక్కడ జీర్ణాశయ కాన్సరు సుమారు సగానికి తగ్గింది. అయితే ఎవరికి చికిత్స అవసరమో డాక్టరే చెప్పాలి.

మరి ఆవకాయ మాటేమిటి?

ఉప్పు ఎక్కువైతే జీర్ణాశయపు పొర దెబ్బతింటుంది. క్రిమి పని సులువవుతుంది. జపాను, కొరియాలలో ఈ కాన్సరు ఎక్కువ కావడానికి ఉప్పుచేప, ఉప్పులో ఊరిన కూరలు ఒక కారణం. మన దేశంలో ఈ జబ్బు బాగా ఎక్కువగా వున్నది మిజోరంలో. పొగలో ఆరిన మాంసం, పొగాకు పొగను పట్టించిన నీరు అక్కడి అలవాట్లు. అమెరికాలో 1930 ప్రాంతాలలో ముందు వరుసలో వున్న ఈ కాన్సరు తరువాత బాగా తగ్గింది. ఇళ్ళలోకి రిఫ్రిజిరేటరు రావడం, ఉప్పు వేసి నిలవచేయడం తగ్గి తాజా కూరలు, పళ్ళు ఏడాది పొడుగునా దొరకడం అందుకు ముఖ్యకారణాలని చెబుతారు.

ఆవకాయ ఒక్కదాన్నే బోనులో నిలబెట్టనక్కరలేదు. కాని ఎవరు వేసినా ఉప్పు ఉప్పే. పెద్దవారికి రోజుకు 5 గ్రాములు, అంటే చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఊరగాయ, అప్పడం, వడియం, చల్లమిరపకాయ ఒకే కంచంలో చేరితే ఆ లెక్క మొదటి వాయిలోనే తప్పుతుంది. ఊరగాయను కలుపుకోవడం మాని నంజుకోవడం నేర్చుకుంటే రుచీ దక్కుతుంది, కడుపూ దక్కుతుంది. ఆకుకూర, జామపండు, ఉసిరికాయ ఖరీదైన మందులు కావు. సిగరెట్టు, బీడీ మానవలసినవే. మద్యం కూడా అంతే.

ఆలస్యం విషం

మా కాలేజీలో ఒక సహోద్యోగి ఎనిమిది నెలలు "గ్యాసండీ" అంటూ బిళ్ళలు మింగారు. బెల్టుకు రెండు కొత్త బెజ్జాలు పొడిపించుకున్నారు గాని డాక్టరు గడప తొక్కలేదు. చివరికి భార్య పట్టుబట్టి ఎండోస్కోపీ చేయించింది. కాన్సరు! పెద్ద ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు ఆయన రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా తింటూ మళ్ళీ పాఠాలు చెబుతున్నారు. బాగా తొలిదశలో దొరికితే, కడుపు కోయకుండా ఎండోస్కోపుతోనే కాన్సరు మచ్చను తీసివేసే అవకాశం కూడా వుంటుంది. ఆమ్లం తగ్గించే బిళ్ళలు బాధను కప్పిపుచ్చి జబ్బును దాచిపెట్టగలవు. అదే వాటితో చిక్కు.

నడివయస్సు దాటాక కొత్తగా వచ్చి వదలని అజీర్తి, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండడం, కారణం లేకుండా చిక్కిపోవడం, మాటిమాటికి వాంతులు, మింగుడు పడకపోవడం, తారులాంటి నల్లని విరేచనం, రక్తం తగ్గి పాలిపోవడం - వీటిలో ఏది కనిపించినా వాము డబ్బా కోసం వెతకకండి. అది కాన్సరే కావాలని లేదు. ఎక్కువసార్లు కాదు కూడా. కాదని డాక్టరు నోట వింటే ఆ రాత్రి నిద్ర పడుతుంది. అవునన్నా, ముందుగా తెలిసినందుకు మేలే జరుగుతుంది.