కాకినాడ ప్రయోగం: సాధించాలన్న తపనను నేర్పవచ్చునా?

ప్రవాసాంధ్రులు నలుగురు కలిసిన విందులో, కాగితపు పళ్ళేలలో పులిహోర వడ్డించుకున్న తరువాత, సంభాషణ తరచుగా ఒకేచోటికి వచ్చి ఆగుతుంది. "ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఏమీ చేయలేనివాడు ఇక్కడికి రాగానే కంపెనీ పెట్టాడు. లోపం మనిషిలో ఉందంటారా, మట్టిలో ఉందంటారా?" అని ఒకరు అడుగుతారు. రెండో కాఫీ పూర్తయ్యేలోగా తీర్పు కూడా వెలువడుతుంది. స్వదేశంలోని వారికి చొరవ తక్కువనీ, కర్మ మీద భారం వేసి కూర్చుంటారనీ ఆ తీర్పు సారాంశం. ఈ ప్రశ్నను ఒకప్పుడు ఒక మనస్తత్వ శాస్త్రవేత్త విందులో గాక క్షేత్రంలో పరీక్షించాడనీ, ఆ క్షేత్రం మన కాకినాడేననీ తెలిసినవారు చాలా తక్కువ.

ఆయన పేరు డేవిడ్ మెక్‌లెల్లాండ్. 1917లో జన్మించి 1998లో మరణించిన ఈ పండితుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం ఆచార్యుడుగా పనిచేశాడు. మనిషిని పనికి పురికొల్పేది ఏమిటన్నది ఆయన జీవితకాల పరిశోధన. ధనం, అధికారం, నలుగురి మెప్పు మాత్రమే గాక, ఒక పనిని నిన్నటికంటె మెరుగుగా చేయాలన్న కోరిక కూడ కొందరిలో బలంగా ఉంటుందని ఆయన వాదం. అచీవ్‌మెంట్ మోటివేషన్ అని ఆయన పిలిచిన ఆ గుణాన్ని ఈ వ్యాసంలో సాధనాకాంక్ష అందాం.

కోరికను కొలవడమెలా? అడిగితే ఎవరైనా తమకు ఆకాంక్ష మెండుగా ఉందనే చెబుతారు. అందుచేత మెక్‌లెల్లాండ్ తన పూర్వీకుడు హెన్రీ మర్రే రూపొందించిన చిత్ర పరీక్షను ఆశ్రయించాడు. బల్ల ముందు కూర్చున్న ఒక మనిషి బొమ్మ చూపి, కొద్ది నిమిషాలలో కథ వ్రాయమంటారు. ఒకరు ఆ మనిషి ఇంటిని తలుచుకుంటున్నాడని వ్రాస్తారు. మరొకరు అతడు ఒక యంత్రంలోని చిక్కు ఎలా విప్పాలా అని ఆలోచిస్తున్నాడని వ్రాస్తారు. ఈ రెండవ తరహా ఆలోచనలు కథలో ఎన్ని ఉన్నాయో లెక్కించి అంకెలు వేస్తారు. దీనికి తోడు ఒక ఆట కూడ ఉంది. నేలలో నిలిపిన కర్రకు రింగులు వేయాలి. ఎంత దూరంలో నిలబడాలో ఆడేవారి ఇష్టం. సాధనాకాంక్ష బలంగా ఉన్నవారు కర్ర పక్కనే నిలబడరు, గది చివరకూ పోరు. గెలుపు తమ నేర్పు మీద ఆధారపడేటంత దూరాన్ని ఎంచుకుంటారు. వ్యాపారంలో తెలివైన సాహసానికీ జూదానికీ ఉన్న భేదం ఈ చిన్న ఆటలో కనిపిస్తుంది.

1961లో ప్రచురించిన 'ది అచీవింగ్ సొసైటీ' అనే గ్రంథంలో ఆయన మరీ పెద్ద అడుగు వేశాడు. అనేక దేశాల పిల్లల వాచకాలలోని కథలకు ఇదే పద్ధతిలో అంకెలు వేసి, వాటిని ఆ దేశాల విద్యుదుత్పత్తి పెరుగుదలతో పోల్చాడు. వాచకాలలో సాధనాకాంక్ష ఉన్న దేశాలు తరువాత వేగంగా ఎదిగాయన్నాడు. ఆ గ్రంథం పొందిన కీర్తికీ అందులోని రుజువుకూ పొంతన లేదనే చెప్పాలి. తరువాతి పరిశోధకులు తిరిగి పరీక్షించినప్పుడు ఆ సంబంధం గట్టిగా నిలవలేదు. అయితే మెక్‌లెల్లాండ్ అక్కడితో ఆగని మనిషి. ఈ గుణమే ప్రగతికి మూలమైతే దానిని పెద్దవారికి నేర్పి చూడాలి గదా అనుకున్నాడు. ఒక సిద్ధాంతకర్త తన సిద్ధాంతం ఓడిపోయే అవకాశాన్ని తానే కల్పించుకోవడం మెచ్చుకోదగిన విషయం.

అందుకు ఎంచుకున్న ఊరు కాకినాడ. ఆనాటికి జనాభా లక్షకు పైగా ఉన్న రేవు పట్టణం. వెనుక గోదావరి డెల్టా వరి చేలు, ఊళ్ళో ఇంజనీరింగు, మెడికల్ కళాశాలలు, బజారులో మిల్లుల వారు, చిన్న పరిశ్రమల వారు, దుకాణదారులు. డబ్బూ చదువూ రెండూ ఉన్న ఊరే. 1964 మొదలుకొని ఈ ఊరి వ్యాపారులలో యాభై మందికి పైగా, బృందాలుగా హైదరాబాదు వెళ్ళి సుమారు పది రోజుల శిక్షణ పొందారు. శిక్షణ ఇచ్చినది యూసఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ. సీట్ అన్న పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఆ సంస్థ ఇప్పుడు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థగా పనిచేస్తున్నది. ఊరికి దూరంగా తీసుకుపోవడం కూడ పథకంలో భాగమే. ఇంటి గుమ్మంలో కూర్చున్నంతకాలం మనిషి తన పాత రూపాన్ని వదలలేడని మెక్‌లెల్లాండ్ నమ్మకం.

ఆ పది రోజులలో బుక్‌కీపింగ్ పాఠాలు లేవు, అప్పు ఇప్పించే హామీ లేదు. వ్యాపారులు రింగులాట ఆడారు. బొమ్మలు చూసి కథలు వ్రాశారు. ఆ కథలకు అంకెలు వేసే పద్ధతిని వారికే నేర్పారు. అంటే పరీక్షకుడి రహస్యాన్ని పరీక్షింపబడేవారి చేతిలోనే పెట్టారు. ఆ విధంగా ఆలోచించడం అలవాటైన తరువాత తమ సంస్కృతిలో, తమ జీవితంలో అటువంటి ఆలోచనకు చోటున్నదా అని చర్చించుకున్నారు. చివరకు ప్రతి ఒక్కరూ రాబోయే రెండేళ్ళలో తానేమి చేయదలచుకున్నాడో కాగితం మీద పెట్టి, ఎంతవరకు వచ్చినదీ అప్పుడప్పుడు తెలియజేయడానికి ఒప్పుకున్నారు.

ఇక ఫలితం. ఇక్కడ రసాయన శాస్త్రపు అలవాటు ఒకటి గుర్తుచేసుకోవాలి. ద్రావణాన్ని పరీక్షించేటప్పుడు, అసలు పదార్థం కలపని ఖాళీ నమూనాను కూడ అదే విధంగా పరీక్షిస్తారు. లేకపోతే కనిపించిన రంగు పదార్థానిదో, పాత్రకు అంటిన మలినానిదో తేలదు. మెక్‌లెల్లాండ్ బృందం కూడ శిక్షణ పొందని వ్యాపారులను కాకినాడలోనూ, సుమారు అరవై కిలోమీటర్ల దూరంలోని రాజమండ్రిలోనూ ఎంచుకొని పోల్చి చూసింది. ఆ రెండు మూడేళ్ళ చరిత్ర తెలిసినవారికి ఈ జాగ్రత్త విలువ బోధపడుతుంది. 1965 సెప్టెంబరులో యుద్ధం, ఆ ఏడూ మరుసటి ఏడూ దేశమంతటా అనావృష్టి, 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపు. డాలరుకు 4 రూపాయల 76 పైసలున్నది ఒక్క నాటితో 7 రూపాయల 50 పైసలైంది. వీటి ప్రభావం శిక్షణ పొందినవారి మీదా పొందనివారి మీదా సమానంగానే పడింది.

శిక్షణకు పూర్వం ఇరువర్గాల వ్యాపార చురుకుదనంలో చెప్పుకోదగిన తేడా లేదు. శిక్షణ తరువాతి రెండేళ్ళలో శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది చురుకైనవారుగా లెక్కకు వచ్చారు. పొందనివారిలో నాలుగో వంతు మాత్రమే. చురుకుదనమంటే పరిశోధకులు చూసినవి స్థూలమైన విషయాలే: కొత్త పెట్టుబడి, అదనపు పనివారు, ఎక్కువ గంటల శ్రమ, కొత్త వ్యాపారానికి ప్రయత్నం. మెక్‌లెల్లాండ్, ఆయన సహచరుడు డేవిడ్ వింటర్ కలిసి 1969లో దీనిని గ్రంథంగా వెలువరించారు.

విందులోని తీర్పుకు సంబంధించిన భాగం ఇక్కడే ఉంది. సంప్రదాయ విశ్వాసాలు ప్రగతికి అడ్డమన్న మాట ఆనాడు పాశ్చాత్య పండితులలో బాగా చెలామణిలో ఉండేది. కాకినాడలో ఆ మాట నెగ్గలేదు. పూజ పునస్కారాలు, కుటుంబాచారాలు గట్టిగా పట్టుకున్న వారు కూడ తక్కినవారి వలెనే మారారు. స్పష్టంగా తేడా కనిపించినది మరొక చోట. దుకాణానికో కర్మాగారానికో తానే యజమాని అయి, నిర్ణయం తన చేతిలో ఉన్నవాడు మారాడు. తండ్రి కిందనో అన్న కిందనో, జీతగాడుగానో ఉన్నవాడు అదే గదిలో కూర్చుని అవే కథలు వ్రాసినా పెద్దగా మారలేదు. తపన ఉండి పెత్తనం లేని మనిషికి తపన ఎందుకూ కొరగాదని దీని భావం. ఉమ్మడి వ్యాపారంలో చిన్నకొడుకుగా పెరిగిన ఏ పాఠకుడికైనా దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ప్రయోగంలోని లోపాలను కూడ దాచకూడదు. ఎవరికి శిక్షణ అన్నది లాటరీ తీసి నిర్ణయించినది కాదు. పది రోజులు వ్యాపారం వదిలి రాగలిగినవారే వచ్చారు. అటువంటివారు మొదటినుంచీ కొంత ముందున్నవారేమో అన్న అనుమానం పూర్తిగా తీరదు. పైగా మారినది నిజంగా సాధనాకాంక్షేనా, లేక 'నేను అనుకుంటే చేయగలను' అన్న ధైర్యమా అన్నది గ్రంథకర్తలకే తేలలేదు. ఈ రెండవదే నిజమనిపిస్తుంది. ఇంకొక మాట: 1980, 90 దశకాలలో కాకినాడలో వెలసిన ఎరువుల కర్మాగారాలను ఈ శిక్షణ ఖాతాలో వేయడం సబబు కాదు. వాటికి కారణాలు రేవు, సహజవాయువు, ప్రభుత్వ విధానం.

లాటరీ తీసిన ప్రయోగం చాలాకాలం తరువాత ఆఫ్రికాలోని టోగో దేశంలో జరిగింది. 1,500 మంది చిరువ్యాపారులను మూడు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి మామూలు వ్యాపార పాఠాలు, మరొక వర్గానికి జర్మన్ మనస్తత్వవేత్త మైకేల్ ఫ్రెజె రూపొందించిన చొరవ శిక్షణ ఇచ్చారు. మూడవ వర్గానికి ఏ శిక్షణా లేదు. 2017లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. చొరవ నేర్చినవారి లాభాలు 30 శాతం పెరిగాయి. లెక్కల పాఠాలు నేర్చినవారిలో కనిపించిన 11 శాతం పెరుగుదల గణాంక శాస్త్రం ప్రకారం నమ్మదగినంత గట్టిది కాదు. కాకినాడ ఊహ పూర్తిగా తప్పుదారి కాదని దీనివల్ల తెలుస్తున్నది.

మెక్‌లెల్లాండ్ ఆలోచనలు ప్రవాసుల ఆఫీసులలోకి వేరే ద్వారం గుండా ప్రవేశించాయి. ఉద్యోగికి తెలివితేటల పరీక్ష పెట్టడం వృథా, ఆ ఉద్యోగాన్ని బాగా చేస్తున్నవారు ఏమి చేస్తున్నారో చూసి దానినే వెతకండి అని 1973లో ఆయన ఒక వ్యాసంలో వాదించాడు. "మీరు ఒక కష్టాన్ని ఎదుర్కొన్న సందర్భం చెప్పండి, అప్పుడేమి చేశారు?" అని ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నకు బలమైన మూలాలలో ఆయన పద్ధతి ఒకటి. ఇక భారతదేశంలో, దాదాపు అదే కాలంలో, ఉదయ్ పరీక్, తెలుగువాడైన టి.వి. రావు అనే ఇద్దరు ఆచార్యులు లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీకి సలహాదారులుగా ఉండి మానవ వనరుల అభివృద్ధి అనే ప్రత్యేక విభాగానికి రూపం కల్పించారు. ఉద్యోగికి ఏటా మార్కులు వేసి ఊరుకునే బదులు అతడి ఎదుగుదలను కంపెనీ బాధ్యతగా చూడాలన్నది వారి సూచన.

కాకినాడ లెక్కలలో ఒక అంకె మాత్రం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఏ శిక్షణా లేకుండానే, యుద్ధమూ అనావృష్టీ ఉన్న అవే రెండేళ్ళలో, కాకినాడలోనూ రాజమండ్రిలోనూ నాలుగో వంతు మంది వ్యాపారులు తమంతట తామే ముందుకు పోయారు. వారిని హైదరాబాదుకు ఎవరూ పిలువలేదు.