పీజీ సరే... ఎవరి కోసం?

బీఈడీ అయింది. బడిలో ఉద్యోగమూ ఉంది. ఇంకో మెట్టు ఎక్కాలనిపిస్తోంది. 'ప్రత్యేక విద్యలో పీజీ చేస్తే?' ఆర్మూరు లాంటి ఊళ్లో పాఠాలు చెబుతున్న ఏ సారుకైనా, మేడంకైనా రాదగిన ఆలోచనే. కాకపోతే దరఖాస్తు నింపే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఆ చదువు ఎవరి కోసం?

పసుపు, ఎర్రజొన్నల ఊరు ఆర్మూరు. జనవరి వచ్చిందంటే పసుపు తవ్వకాల హడావుడి. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, కొమ్మునూ మండనూ వేరుచేయాలి. ఇంటిల్లిపాదికీ పనే. కొన్ని ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. మాటలు ఆలస్యంగా వస్తున్న పాపనో, అక్షరాలు తారుమారు చేసే బాబునో పక్కన కూర్చోబెట్టుకుని గమనించే తీరిక ఎక్కడిది? 'వీడు మొద్దు' అన్న ముద్ర పడిపోతుంది. తేడాను ముందుగా పసిగట్టే అవకాశం తరగతి గదిలోనే ఎక్కువ.

చట్టం మారింది

1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం వాటిని 21కి పెంచింది. ఆటిజం, చదవడం రాయడంలో ఇబ్బంది పెట్టే డిస్లెక్సియా వంటివీ అందులో చేరాయి. ఇలాంటి పిల్లలు ప్రాథమిక స్థాయిలో 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణలో 2024 డీఎస్సీ ప్రకటనలోని 11,062 పోస్టుల్లో 1,016 ప్రత్యేక విద్యకు కేటాయించినవే. స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్జీటీలు 796.

ఇక్కడే ఓ మెలిక

ఈ కొలువులకు కావాల్సింది పీజీ కాదు. ఎస్జీటీకి ప్రత్యేక విద్యలో డీఈడీ, స్కూల్ అసిస్టెంట్‌కి ప్రత్యేక బీఈడీ ఉండాలి. వాటితోపాటు భారత పునరావాస మండలిలో నమోదు తప్పనిసరి. 1992 చట్టం ప్రకారం ఆ నమోదు లేకుండా ఈ వృత్తి చేయడం శిక్షార్హం.

మరి ఎంఈడీ ఎందుకు? అది ప్రధానంగా ఉపాధ్యాయులను తయారుచేసేవారి చదువు. ప్రత్యేక బీఈడీ కళాశాలల్లో బోధించాలన్నా, పరిశోధన వైపు వెళ్లాలన్నా అది కావాలి. మామూలు బీఈడీతో నేరుగా అందులో చేరడం కుదరదు. ప్రత్యేక బీఈడీ అయినా ఉండాలి, లేదంటే బీఈడీకి ప్రత్యేక విద్యలో డిప్లొమా తోడవ్వాలి. అంటే మామూలు బీఈడీ ఉన్నవారికి రెండేళ్ల పీజీకి ముందు మరో చదువు ఉందన్నమాట.

ఏ దారి మేలు?

పిల్లల మధ్యే ఉండాలనుకుంటే ముందు ప్రత్యేక బీఈడీ చేయండి. ఉద్యోగం వదల్లేనివారికి డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో రెండున్నరేళ్ల కోర్సు నడుపుతోంది. బోధకులకు బోధించాలన్నదే మీ కోరికైతే పీజీకి వెళ్లండి. మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ మన సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్ నగర్‌లో ఉంది. 1984లో మొదలైంది. రెగ్యులర్ కోర్సుకైతే శాఖ అనుమతి, సెలవు, ఇంటి ఖర్చు ముందే చూసుకోవాలి. ఇంక్రిమెంటు ఒక్కటే లెక్కయితే ఇన్నేళ్ల శ్రమ బరువనిపిస్తుంది.

డబ్బు కట్టకముందు ఇంకో పని చేయండి. మండలాల్లో నడిచే భవిత కేంద్రాలకు వెళ్లి నాలుగు రోజులు కూర్చోండి. చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పడానికి నెలలు పట్టవచ్చు. ఆ గుండీ పడిన రోజు మీకు పండగలా అనిపిస్తే, ఏ పట్టా చదివినా వృథా పోదు. విసుగనిపిస్తే, పీజీ చేసినా ఆ విసుగు పోదు.

పసుపు చేతికి రావడానికే ఎనిమిది తొమ్మిది నెలలు ఆగే ఊరు మనది. పిల్లల విషయంలో ఆగలేమా?